విశాఖ చుట్టుపక్కల దొరికిన రాళ్లు: వీటిలో శిలాజాలు ఎన్ని?

మధురవాడ_మాస్టారు

నమస్కారమండీ. మా బడి సైన్సు ప్రదర్శనలో శిలాజాలకి ఒక బల్ల కేటాయించాం. పిల్లల ఇళ్ల నుంచి నాలుగు రాళ్లు వచ్చాయి. చీటీలు రాసేముందు తెలిసినవాళ్లు చూసి చెబుతారని ఇక్కడ పెడుతున్నాను.

మొదటిది గరివిడి వైపు నుంచి వచ్చిన లేత గోధుమరంగు పలక, దాని మీద నల్లగా ఫెర్న్ ఆకు ముద్ర. రెండోది ఎర్రమట్టి దిబ్బల దగ్గర వాగులో ఏరినవి, వేలెడు లావు తెల్లటి గొట్టం ముక్కలు, చూడ్డానికి ఎముకల్లా ఉన్నాయి. మూడోది కొండవాలులో పునాది తీస్తుంటే బయటపడ్డ గుండ్రాయి. పైన పెంకులాంటి పొర ఊడుతోంది కాబట్టి డైనోసార్ గుడ్డే అని పిల్లలు తేల్చేశారు. నాలుగోది రాజమండ్రి అవతల ఒక క్వారీ నుంచి తెచ్చిన సున్నపురాయి, నిండా నత్తగుల్లలు. దీన్ని ప్లైవుడ్ అలమరలో పెట్టారట. వానాకాలం దాటేసరికి గుల్లల మీద తెల్లటి పొడి లేచింది.

వీటిలో అసలువి ఏవి? ఆ పొడి ఏమిటి? పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్లాలంటే ఎక్కడికి వెళ్లడం మంచిది?

రాతిపొర

మాస్టారూ, ఆకారం సంగతి కాసేపు పక్కన పెట్టండి. ముందు చూడాల్సింది రాయి ఏ రకం, ఎక్కడిది అని.

సింహాచలం, కైలాసగిరి కొండల్లో కనిపించేది ఖోండలైట్. ఒకప్పుడు అది బంకమట్టి అవక్షేపమే. దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో ఉడికిపోయింది. తూర్పు కనుమల్లో కొన్నిచోట్ల ఆ వేడి 900 డిగ్రీలు దాటింది. మట్టి కాస్తా గార్నెట్, సిల్లిమనైట్, క్వార్ట్జ్ అనే ఖనిజాలుగా మారిపోయింది. ఒకవేళ ఉడక్కపోయినా ప్రయోజనం లేదు, అప్పటికి ఎముక గానీ గుల్ల గానీ ఉన్న జంతువు భూమ్మీద పుట్టనే లేదు. అందుకే విశాఖ కొండరాయిలో గుడ్డు, పన్ను, ఎముక ఏది దొరికిందన్నా వెతకాల్సింది వేరే వివరణ. బొర్రా గుహలకీ ఇదే వర్తిస్తుంది. అక్కడి సున్నపురాయి కూడా కాలి పాలరాయిగా మారినదే. లోపలి ఆకారాలు చుక్కచుక్కగా కారిన నీళ్లు వదిలిన సున్నం.

మీ మూడో రాయి, అదే గుడ్డు, రాయి శిథిలమయ్యే తీరుకి మంచి నమూనా. రాతి పగుళ్లలోకి నీరు దిగినప్పుడు మూలలకి రెండు మూడు వైపుల నుంచి తగులుతుంది, అందుకని ముందు మూలలు కుళ్లుతాయి. మిగిలిన గడ్డ గుండ్రబడి ఉల్లిపొరల్లా ఊడుతుంది. అసలు డైనోసార్ గుడ్డు పెంకు ఎక్కువగా ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఆ మందం పెంకంతా దాదాపు ఒకేలా ఉంటుంది, 10 రెట్ల భూతద్దంలో పైన బొడిపెలు, సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. మీ రాయి పొరని విరిచి చూడండి: ఒకచోట మిల్లీమీటరు, మరోచోట సెంటీమీటరు ఉంటుంది, లోపలి రాయిలో ఉన్న గింజలే పొరలోనూ ఉంటాయి. మన దేశంలో సారోపాడ్ (పొడుగుమెడ డైనోసార్) గుడ్లు గుజరాత్, మధ్యప్రదేశ్‌లలో లామేటా అనే రాతిపొరల్లో దొరుకుతాయి, విశాఖలో కాదు.

ఇక ఆకు ముద్ర. గరివిడి అనగానే మాంగనీసు గుర్తురావాలి. రాతి చీలికలోకి మాంగనీసు కలిసిన నీరు పాకి, ఆక్సైడుగా పేరుకున్నప్పుడు కొమ్మలు కొమ్మలుగా పెరుగుతుంది. దాన్ని డెండ్రైట్ అంటారు. భూతద్దంలో మూడు తేడాలు చూడండి. ఆకుకి నడి ఈనె ఉంటుంది, దీనికి ఉండదు. ఆకు చిట్టి రెబ్బలు ఒక క్రమంలో చిన్నవవుతూ పోతాయి, ఇది ఎటు పడితే అటు చీలుతుంది. పైగా దీని మొదలు ఎప్పుడూ ఏదో ఒక పగులు అంచునే ఉంటుంది.

తేలకపోతే పరీక్ష సులువు. మందుల షాపులో పుండ్లు కడగడానికి అమ్మే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక్క చుక్క నల్లమరక అంచున వేసి చూడండి. మాంగనీసు ఆక్సైడైతే చిన్నచిన్న బుడగలు వరసగా లేస్తాయి. బొగ్గుగా మారిన ఆకు పొర అలా పొంగదు. వెంటనే నీళ్లతో తుడిచేయండి, కళ్లద్దాలు పెట్టుకోండి.

రెండోది, గొట్టాలు. ఒకదాన్ని అడ్డంగా విరవండి. ఎముకైతే లోపల సన్నని జల్లెడలాంటి అల్లిక కనిపిస్తుంది. మీవాటిలో ఇసుక రేణువులే కనిపిస్తాయి, మధ్యలో బోలు గానీ సున్నం నిండిన సన్నని దారి గానీ ఉంటుంది. చెట్టు వేరు చుట్టూ ఇసుకని సున్నం పట్టుకుని గట్టిపడినవి ఇవి. వెనిగర్ చుక్క వేస్తే నురగ వస్తుంది. అయితే ఆ నురగ ఒక్కటే చూసి ఎముక కాదనకండి, శిలాజ ఎముక రంధ్రాల్లో సున్నం నిండినా పొంగుతుంది. విరిచి చూసిందే నమ్మండి.

చీటీ మీద "శిలాజం కాదు, ఎందుకంటే..." అని రాసి ఈ మూడూ పెట్టండి. నన్నడిగితే బల్ల మీద జనం ఎక్కువసేపు ఆగేది వాటి దగ్గరే.

ఇసుకదిబ్బ

రాతిపొర గారూ, మిగతావి సరే గానీ రెండోదాన్ని "శిలాజం కాదు" వరసలో పెట్టడానికి నేను ఒప్పుకోను. వేరు పోయినా వేరు ఉన్న చోటు సున్నంలో అచ్చుపడి ఉంది కదా. అడుగుజాడలు, పురుగుల బొరియలు ఏ లెక్కన జాడ శిలాజాలో ఇవీ ఆ లెక్కనే. ఒకప్పుడు ఆ దిబ్బల మీద చెట్టూ చేమా పట్టాయని, నేల ఆరీ తడిసీ ఉండేదని చెప్పే ఆధారం అదే. "ఎముక కాదు, వేరు జాడ" అని రాస్తే సరిపోతుంది.

అంతకంటే ముఖ్యం ఇంకొకటి. ఎర్రమట్టి దిబ్బల్ని భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. అక్కడి నుంచి గుప్పెడు మట్టి కూడా తేకూడదు. పైగా ఆ ప్రాంతంలో ఆదిమానవుల చిన్న రాతి పనిముట్లు దొరుకుతాయి. ఏ రాయి పక్కన ఏది, ఎంత లోతులో ఉందన్నదే వాటి విలువ. ఏరి జేబులో వేసుకుంటే అది మామూలు రాతిముక్కే. పిల్లల చేత అక్కడ ఫొటోలు తీయించండి, పక్కన స్కేలు పెట్టి. ఇప్పటికే తెచ్చినవాటి మీద ఎక్కడ ఏరారో రాసి ఆంధ్ర విశ్వవిద్యాలయం జియాలజీ విభాగంలో అప్పగించే వీలుందేమో అడగండి.

రాతిపొర

జాడ శిలాజం అన్నమాట ఒప్పుకుంటున్నాను. ప్రాణి శరీరం కాదన్నదే నా ఉద్దేశం. మాస్టారూ, చీటీలో ఇసుకదిబ్బ గారి మాటే రాయండి.

గోదారిగట్టు

నాలుగో రాయి అసలైనదే. విశాఖ నుంచి రెండు వందల కిలోమీటర్ల లోపు అసలు శిలాజాలు కావాలంటే రాజమండ్రి చుట్టుపక్కలకే రావాలి. తూర్పు గట్టున కాతేరు, పడమటి గట్టున పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం. పడమటి కనుమల వైపు నుంచి సుమారు 1,000 కిలోమీటర్లు పారిన దక్కన్ లావా ఇక్కడ రెండు దఫాలుగా పరుచుకుంది. ఆ లావా గడ్డకట్టిన నల్లరాయే బసాల్టు. కింది బసాల్టుకీ పై బసాల్టుకీ నడుమ సున్నపురాయి, బంకమట్టి పొరలున్నాయి. సముద్రం దగ్గరి ఉప్పుకయ్యలు, నదీముఖాల్లో బతికిన ఆలిచిప్పలు, నత్తలు వాటిలో ఉన్నాయి. కింది బసాల్టుకి అడుగున ఉన్న సున్నపురాయిలో టరిటెల్లా అనే పొడుగాటి మెలికల నత్త గుంపులు గుంపులుగా ఉంటుంది.

ఈ పొరలకి ప్రపంచమంతటా పేరు రావడానికి కారణం కంటికి కనిపించని జీవులు. శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం 2008లో ఇక్కడి నడిమి పొరల్లో ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల సూక్ష్మశిలాజాల్ని చూసి, 6.6 కోట్ల ఏళ్ల నాటి సామూహిక వినాశనం తర్వాత మొట్టమొదట పుట్టిన జాతులు కింది లావా మీదే ఉన్నాయని చూపించింది. అంటే డైనోసార్లు పోయిన ఆ గీత మన క్వారీల గోడలోనే ఉంది. పిల్లలకి చెప్పాల్సింది ఇదీ.

వెళ్లదలచుకున్నవాళ్లకి కొన్ని సంగతులు. లీజుదారు అనుమతి లేకుండా క్వారీలో అడుగు పెట్టొద్దు, పేలుళ్ల వేళలు ముందే కనుక్కోండి. నిలువు గోడ కిందకి అసలు వెళ్లకండి. పై బసాల్టు స్తంభాలుగా చీలి ఉంటుంది, వాన పడ్డాక కింది బంకమట్టి జారితే స్తంభం మొత్తం దిగుతుంది. వెతకాల్సింది పక్కన పారేసిన కుప్పల్లో. అందులోనూ తాజాగా పగిలిన దిమ్మల్లో కాదు, ఒకటి రెండు వానాకాలాలు చూసినవాటిలో. తాజా పగులు గుల్లని కూడా కోసుకుంటూ పోతుంది, మీకు కనిపించేది అడ్డకోత మాత్రమే: వరసగా చిన్నచిన్న గదులు. వానకి మెత్తటి భాగం కరిగిన దిమ్మ మీద గుల్ల ఉబ్బెత్తుగా నిలబడుతుంది, చేత్తో తడిమినా తెలుస్తుంది.

కావాల్సినవి: 600-700 గ్రాముల సుత్తి, సన్నవీ వెడల్పువీ రెండు ఉలులు, కళ్లద్దాలు, హెల్మెట్, 10 రెట్ల భూతద్దం, పాత పేపర్లు, జిప్ కవర్లు, పెన్సిలు. కళ్లద్దాలు లేకుండా సుత్తి ఎత్తొద్దు, బసాల్టు పెచ్చు గాజుపెంకులా ఎగురుతుంది. గుల్లకి కనీసం రెండంగుళాల దూరంలో చుట్టూ గాడి కొట్టి దిమ్మగా విడదీయండి. గుల్ల పక్కనే ఉలి పెట్టినవాళ్లకి సగం గుల్లే మిగులుతుంది. మిగిలిన చెక్కుడు ఇంట్లో సూదితో, భూతద్దం కింద.

తీసే ముందు ఫొటో. తీశాక వెంటనే చీటీ: ఊరు, క్వారీ, ఏ పొర, కింది బసాల్టుకి ఎన్ని మీటర్ల పైన లేక కింద, తేదీ, ఫోన్‌లో చూపించే అక్షాంశ రేఖాంశాలు అయిదు దశాంశ స్థానాల వరకు. "రాజమండ్రి" అని మాత్రమే రాసిన గుల్ల అలంకారానికి తప్ప దేనికీ పనికిరాదు. గోదావరి గట్ల మీద ఈ పొరలకంటే చిన్న వయసు రాజమండ్రి ఇసుకరాయి కూడా ఉంది, దానిలో రాయిగా మారిన కలప దొరుకుతుంది. రెండూ ఒకే సంచిలో కలిస్తే ఏది ఏ వయసుదో తర్వాత ఎవరూ చెప్పలేరు.

ఎముకో పన్నో కనబడితే తవ్వకండి. ఫొటో తీసి, చోటు రాసుకుని, విశ్వవిద్యాలయానికో సర్వేక్షణ సంస్థకో తెలియజేయండి.

పెట్టెలో_రాయి

పొడి సంగతి నేను చెబుతాను. మీ ప్రశ్నలోనే జవాబుంది: ప్లైవుడ్ అలమర, విశాఖ వానాకాలం. ప్లైవుడ్, ఎండీఎఫ్, వాటి జిగురు నుంచి ఎసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల ఆవిరి వస్తూనే ఉంటుంది. తలుపు మూసి ఉంటే లోపలే పేరుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే అది గుల్లలోని సున్నాన్ని తిని, లవణంగా పైకి తేలుతుంది. గుల్లలు దాచేవాళ్లు దీన్ని బైన్ తెగులు అంటారు. పేరుకి తెగులే గానీ క్రిమి కాదు, అందుకే నాఫ్తలీన్ ఉండలు పెట్టినా ఏమీ కాదు.

ముందు మెత్తని పొడి బ్రష్‌తో దులపండి. తర్వాత ఆర్వో నీళ్లలో నానబెట్టండి, రోజూ నీళ్లు మార్చండి. ఇంట్లో టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాల్ని కొలిచేది) ఉంటే పని తేలిక. పోసేటప్పుడు ఎంత, మర్నాడు ఎంత అని రాసుకోండి. మొదట్లో అంకె బాగా పెరుగుతుంది, రానురాను తగ్గుతుంది. సున్నపురాయి తానే కాస్త కరుగుతుంది కాబట్టి పెరుగుదల సున్నాకి ఎప్పటికీ రాదు. వరసగా మూడు రోజులు ఒకే అంత పెరిగితే ఆపేయండి. నీడలో, ఫ్యాను గాలిలో ఆరబెట్టండి. ఎండలో వద్దు, వెనిగర్ అసలే వద్దు. వెనిగర్ గుల్లనే తినేస్తుంది. సున్నపురాయిని ఆమ్లంలో కరిగించి శిలాజం బయటికి తీసే పద్ధతి ఒకటి ఉంది గానీ, అది చేప పళ్లు, ఎముకల్లాంటి, ఆమ్లం తినని శిలాజాలకే.

ఆరాక ప్లాస్టిక్ డబ్బాలో గానీ, రంగు పోని ఇనప బీరువాలో గానీ పెట్టండి. అడుగున తెల్లని ఫోమ్ షీటు చాలు, అట్టముక్క వద్దు, చాలా అట్టలకి ఆమ్ల గుణం ఉంటుంది. మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ వేయాలంటే 5 లీటర్ల డబ్బాకి 100 గ్రాముల లెక్క. రంగు మారగానే ఓవెన్‌లో 110-120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. చాలామంది ఒకసారి వేసి మర్చిపోతారు. తేమ నిండిన జెల్ ఉన్నా లేనట్టే.

బీచ్‌లో ఏరిన గవ్వల మీద పొడి లేస్తే మాత్రం అది మొదట ఉప్పు అనుకోండి. లోపలి ఉప్పు తేమకి కరిగి, ఎండకి మళ్లీ గడ్డకట్టి, గవ్వ పైపొరని నెట్టేస్తుంది. చికిత్స అదే, మంచినీళ్లే.

ఎండాడ_అక్క

ఇదే దారిలో నాదో ప్రశ్న. రాఘవాపురం షేల్ ముక్క ఒకటుంది, దాని మీద టీలోఫిలమ్ అనే పాతకాలపు మొక్క ఆకు. పొరలు విడిపోతున్నాయి, ఆకు నల్లపొర అంచులో లేస్తోంది. నీళ్లు కలిపి పల్చగా ఫెవికాల్ పూయొచ్చా?

పెట్టెలో_రాయి

వద్దక్కా. షేల్ అంటే బంకమట్టే. ఫెవికాల్‌లోని నీటికి ఉబ్బుతుంది, ఆరేటప్పుడు జిగురు కుంచించుకుని ఆకు పొరని తనతో లాక్కుపోతుంది. తర్వాత తీయాలన్నా శుభ్రంగా రాదు. షేల్‌ని నీళ్లలో ముంచే పనే పెట్టుకోకండి, సిలికా జెల్ కూడా మితంగానే. మరీ ఎండిపోయినా పగుళ్లిస్తుంది. తేమ 45-55 శాతం మధ్య ఉంటే చాలు, చిన్న తేమ మీటర్ డబ్బాలో పడేయండి.

వాడాల్సింది ప్యారాలాయిడ్ బి-72 అనే యాక్రిలిక్ రెసిన్, గుళికల రూపంలో వస్తుంది. 5 గ్రాములు పల్చటి గుడ్డలో మూటకట్టి, 100 మిల్లీలీటర్ల అసిటోన్ ఉన్న గాజు సీసాలో పైనుంచి వేలాడదీసి మూత బిగించండి. తెల్లారేసరికి కరుగుతుంది. అడుగున పడేస్తే ముద్దకట్టి కూర్చుంటుంది. గోళ్లరంగు తీసే ద్రవం అసిటోన్‌కి బదులు కాదు, అందులో నూనెలు, సువాసనలు కలుపుతారు.

సున్నా నంబరు బ్రష్‌తో లేచిన అంచు దగ్గర ఒక్కో చుక్క వదలండి, పగులు దానంతటదే పీల్చుకుంటుంది. ఆకు మీద అటూ ఇటూ రుద్దొద్దు. ముందు ఆకు లేని మూలలో వేసి చూడండి. ఒక రోజు ఆరనిచ్చి, ఇంకా కదులుతుంటే పగుళ్లలో మాత్రం 10 శాతం ద్రావణం. మెరుపు వస్తే చిక్కబడిందన్నమాట, అసిటోన్ తడిపిన దూదితో అద్దితే పోతుంది.

మన ఊరికి ప్రత్యేకమైన తిప్పలు ఇంకొకటి: ముసురు పట్టిన సాయంత్రం ఈ పని పెట్టుకుంటే పూత తెల్లగా పాలిపోతుంది. అసిటోన్ ఆవిరవుతూ రాయిని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చెమర్చి పూతలో చిక్కుకుంటుంది. పొడి రోజు చూసుకుని మధ్యాహ్నం చేయండి. కిటికీలు తీసి ఉంచండి, దీపం, అగరువత్తి, పొయ్యి ఏదీ ఆ గదిలో ఉండకూడదు.

నల్ల షేల్ మీద పసుపు, బూడిదరంగు పొడి లేచి గంధకం వాసన వస్తే అది వేరే రోగం. లోపలి పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) తేమ తగిలి గంధకామ్లంగా మారుతోందన్నమాట. పక్కనున్న చీటీ కూడా కాలిపోతుంది. తేమ 60 శాతం దాటితే అది బాగా ఊపందుకుంటుంది. అలాంటి ముక్కని వెంటనే మిగతావాటి నుంచి విడదీసి, పొడి డబ్బాలో పెట్టాలి.

రాతిపొర

మ్యూజియం ప్రశ్న మిగిలిపోయింది. ఒక్కచోటికే వెళ్లగలిగితే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియం. నాటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర కోటా పొరల్లో దొరికిన కోటాసారస్ అక్కడ నిలబడి ఉంది. తొలి జురాసిక్ నాటి శాకాహారి డైనోసార్. శాస్త్రవేత్త యాదగిరి 1988లో దీనికి పేరు పెట్టారు. పిల్లల్ని తల దగ్గర ఆపండి. ఆ తవ్వకాల్లో కనీసం 12 జంతువుల ఎముకలు వచ్చినా పుర్రె దొరకలేదు, పళ్లు మాత్రమే దొరికాయి. కాబట్టి తల మనుషులు ఊహించి చేసినదే. ఒక్క జంతువు అస్థిపంజరం కాదు, చాలావాటి ఎముకల కూర్పు అని కూడా చెప్పండి. ఏది ఎముక, ఏది పూరించిన పదార్థం అని వెతకమంటే గంట తెలీకుండా గడుస్తుంది: అసలు ఎముకలో పగుళ్లు, రంగు తేడాలు ఉంటాయి, అచ్చుపోసిన దానిలో రంగు ఒకేలా ఉండి, ఒక్కోసారి అచ్చు అతుకు గీత కనబడుతుంది.

కోల్‌కతా దాకా వెళ్లగలిగితే ఇండియన్ మ్యూజియంలో శివాలిక్ కొండల స్టెగోడాన్ (ఏనుగుల బంధువు) పుర్రె చూపించండి. అదే ఊళ్లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ జియాలజీ మ్యూజియంలో బారాపాసారస్ టాగోరై అనే డైనోసార్ ఉంది. గోదావరి లోయదే, 1975లో పేరు పెట్టారు. అది పరిశోధన సంస్థ కాబట్టి ముందుగా అనుమతి తీసుకుని వెళ్లండి.

ఇంత దూరం కుదరకపోతే ఊళ్లోనే చేయగలిగిన పని ఒకటుంది: పాలిష్ చేసిన గచ్చులు. పసుపురంగు జైసల్మేర్ రాయి పరిచిన చోట గుల్లల కోతలు వెతకండి, అది జురాసిక్ సముద్రపు సున్నపురాయి. నల్ల కడప రాయి మీద వెతికితే మాత్రం కళ్లు నొప్పి పుట్టడమే, అది గుల్లల జంతువులకంటే పాతది.

మధురవాడ_మాస్టారు

అందరికీ ధన్యవాదాలండీ. ఒక తల్లిగారు ఇంట్లోని సాలగ్రామం కూడా ఇస్తామంటున్నారు. దాని పక్కన ఆమ్మోనైట్ (అంతరించిపోయిన గుల్ల సముద్రజీవి) అని రాయొచ్చా? ఆమ్లం చుక్క వేసి చూడమంటారా?

గోదారిగట్టు

ఆమ్లం మాట ఎత్తకండి మాస్టారూ, పూజలో ఉన్న వస్తువు. సుత్తి, సూది కూడా వద్దు. కంటితో, భూతద్దంతో చూసినంతే.

నేపాల్ కాళీగండకి నదిలో దొరికే నల్లటి గడ్డలు అవి. లోపలి చక్రం చాలావాటిలో ఆమ్మోనైట్ గుల్లదే, హిమాలయాలు లేవకముందు అక్కడున్న సముద్రంలోది. చక్రం లేని సాలగ్రామాలూ ఉంటాయి కాబట్టి చూసే రాయండి. మెలిక బయటికి వచ్చేకొద్దీ వెడల్పవుతూ, దాని మీద అడ్డ గీతలు ఒక క్రమంలో ఎడమవుతూ ఉంటే గుల్ల జాడే. గీతలన్నీ ఒకే లోతులో, ఒకే ఎడంలో ఉండి, గాడి అడుగున పనిముట్టు గీకుడు కనిపిస్తే చెక్కినది. చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా, చల్లదనం లేకుండా ఉంటే రెసిన్ పోత.

మెరిసే పసుపు చుక్కలుంటే అది పైరైటే, పెట్టెలో_రాయి గారు చెప్పిన జాగ్రత్త దీనికీ వర్తిస్తుంది. ప్రదర్శన రోజు గాజు డబ్బాలో పెట్టి, పిల్లల చేతికి ఇవ్వకుండా చూపించి, సాయంత్రానికి ఆ ఇంటికి చేర్చండి. చీటీలో రెండు పేర్లూ రాయండి.